బానెట్ మీద బొట్టు

మా ఆవిడ రాజకుమారికి దేవుడంటే ఎంత భక్తో నాకు కారు పెయింటంటే అంత. ఇద్దరిదీ చాదస్తమే. కాకపోతే ఆవిడ చాదస్తానికి పుణ్యం వస్తుంది, నా చాదస్తానికి నడుంనొప్పి వస్తుంది. ఎనిమిదేళ్ళ క్రితం ఈ తెల్లకారు కొన్న రోజున ఆ రెండు చాదస్తాలూ బానెట్ మీద ఢీకొన్నాయి. గుడిలో వాహనపూజ అయ్యాక పంతులుగారు పెట్టిన బొట్టు కంటికి ఆనలేదట ఈవిడకి. కుంకుమ నూనెలో తడిపి, బానెట్ నడిమధ్యన ఇంత లావున దిద్దింది. నేను కారుని ఎండలో వదిలేసి ఆఫీసుకి రైలెక్కాను. సాయంత్రం బుకిట్ పంజాంగ్‌లో మా ఇంటికి వచ్చి తుడుద్దును కదా, కుంకుమ పోయింది గానీ రంగు పోలేదు. అర్ధరూపాయి బిళ్ళంత మచ్చ, గులాబీ రంగులో ఇంకిపోయి ఉంది.

"మరక పడింది చూడవే!" అని అరిచాను.

"మరకంటారేంటండీ, కళ్ళు పోతాయి. బొట్టు అనండి," అంది.

అంతే, తగువు మొదలైంది. ప్రతి ఆదివారం కార్ పార్కులో కడిగే చోట రెండు బకెట్లు పెట్టుకుంటాను. ఒకటి సబ్బునీళ్ళకి, ఒకటి గుడ్డ జాడించడానికి. ఒకే బకెట్ అయితే ఇసకరేణువులు గుడ్డకి పట్టి పెయింట్ గీరుకుపోతుంది మరి. పైకప్పు నుంచి కిందికి కడుక్కుంటూ వచ్చి, బానెట్ దగ్గర ఆగి సణుగుతాను. "నీ భక్తి పాడుగాను, నా బానెట్టే దొరికిందా?" ఆవిడ కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఆ బొట్టు చలవే, ఇన్నేళ్ళూ కారుకి గీత పడలేదు," అంటుంది. మెషీన్ పాలిష్ పెడితే పోతుందని తెలుసు. పై పొర అరిగిపోతుందని వంక పెట్టి ఊరుకున్నాను. వంకే. నిజానికి ఆ మరక లేకపోతే ఆదివారం మేం ఏం మాట్లాడుకుంటాం?

మేమొచ్చి స్థిరపడ్డ ఈ దేశంలో కారుకి పదేళ్ళకే పర్మిట్టు, అంతే ఆయుష్షు. కొన్నరోజే సర్కారు నుదుట రాసి ఇచ్చేస్తుంది. "నువ్వు పోయాక నేను హాయిగా రైల్లో తిరుగుతానులే," అని కారుతో జోకులేసేవాణ్ణి. ఎవరు ముందో రాసిన కాగితం ఇంకోటి ఉంటుందని నాకేం తెలుసు?

ఇవాళ మధ్యాహ్నం నన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. మా ఆవిడ రాజీ మందుల కౌంటరు దగ్గర లైన్లో ఉండగా డాక్టరమ్మ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ కూర్చోవడంతోనే నాకు సగం అర్థమైంది. కడుపులో గడ్డ కాలేయానికి పాకిందట. ఇక చెయ్యగలిగింది నొప్పి తెలియకుండా చూడటమేనట. చూడాలనుకున్న వాళ్ళని త్వరగా చూసుకోమంది. రాజీ మందుల సంచీ పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "ఏమన్నారండీ?" అంటే, "తిండి సరిగ్గా తినమంది," అన్నాను. ఆ నవ్వు చూసి ఇంకోమాట నోట్లోంచి ఎలా వస్తుంది చెప్పండి! నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను.

టాక్సీ దిగగానే లిఫ్టు వైపు కాకుండా కార్ పార్కు వైపు లాక్కెళ్ళింది. "కళ్ళు మూసుకోండి," అంది. ఈ వయసులో ఈ సరసం ఒకటి! మూసుకున్నాను. తెరిచేసరికి కారు అద్దంలా మెరిసిపోతోంది. నేను మంచం మీద ఉన్న రోజుల్లో మా అబ్బాయి అనిరుధ్ చేత షాపుకి పంపించి, మెషీన్ పాలిష్ కొట్టించి, పైన సిరామిక్ కోటింగ్ వేయించిందట. ఇంక దీని మీద ఏదీ అంటదట, నీళ్ళు పోస్తే తామరాకు మీదలా జారిపోతాయట. వాడు షాపువాడి దగ్గర విన్నదంతా ఆవిడ నాకు ఒప్పచెబుతోంది.

"ఇక్కడ చూడండి," అంటూ బానెట్ మధ్యలో అరచేత్తో నిమిరింది. "మీ మరక పోయింది! ఎనిమిదేళ్ళు సాధించారుగా, ఇప్పుడేమంటారు?"

తెల్లగా ఉంది. వట్టి తెల్లగా. నేను మూఢనమ్మకాల మనిషిని కాను. కానీ బొట్టు ఎప్పుడు చెరుపుతారో తెలియని తెలుగువాడు ఎవడు?

"బొట్టేదే?" అని అరిచాను. "ఎవరు చెరపమన్నారు నిన్ను? నేనింకా ఉన్నాగా!"

కార్ పార్కంతా మోగింది. అవతల సైకిలుకి గొలుసు తాళం వేసుకుంటున్న చైనా ముసలాయన తిరిగి చూశాడు. రాజీ చెయ్యి బానెట్ మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళలో నేను దాన్ని బొట్టు అనడం ఆవిడ వినలేదు.

"మీకోసమే చేయించానండీ. ఇంటికొచ్చేసరికి సంతోషపడతారని," అంది.

ఛీ, నా నోరు పడ! ఆవిడ తప్పేముంది? "బావుందే. చాలా బావుంది. కాస్త బొట్టు పెట్టు మళ్ళీ," అన్నాను.

"మరక పడుతుందంటారుగా?"

"పడనీ. పెట్టవే తల్లీ."

ఆవిడ పర్సులో గుడి కుంకుమ పొట్లం ఎప్పుడూ ఉంటుంది. నా మంచినీళ్ళ సీసాతో తడిపి, ఉంగరం వేలితో దిద్దింది. ఒక్క క్షణం నిలిచింది. ఆ తరవాత అంచులన్నీ ముడుచుకుని, ఎర్రటి చుక్కగా చేరి, వాలులో సర్రున జారి నంబరు ప్లేటు మీద పడింది. కింద గీత కూడా మిగల్లేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

"చిక్కగా కలుపు," అన్నాను. "ఇంకాస్త వెయ్యి. అదిమి పెట్టు." నా గొంతు నాకే కొత్తగా ఉంది, బతిమాలుతున్నట్టు.

ఆవిడ వేలు గాల్లో ఆగింది. తిరిగి నన్ను చూసింది.

"డాక్టరమ్మ ఏం చెప్పిందండీ?"

"చెప్పాగా, తిండి..."

"నా మొహం చూసి చెప్పండి."

చూశాను. నుదుటి బొట్టు ఉక్కపోతకి కాస్త కరిగి ముక్కు మీదికి దిగుతోంది. ఇంక దాచడం నా వల్ల కాలేదు. చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొట్లంలో మిగిలిన కుంకుమంతా అరచేతిలో ఒంపుకుని తడిపింది. బానెట్ మధ్యలో ఆ చేతిని ఆనించి, జారిపోకుండా బలంగా అదిమి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారుతూనే ఉంది.

"రాజీ, ఇంటికి పోదాం పద," అన్నాను.

"మీరు ఊరుకోండి. ఆరనివ్వండి," అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.