హెర్నియా కాదు

ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు శశికళ హైదరాబాద్ దవాఖానకు ఫోన్ చేసింది. ఆపరేషన్ నాడు పొద్దున షుగర్ గోలీ వేసుకోవాల్నా వద్దా అని అడుగుదామనుకున్నది. అవతలి అమ్మాయి కంప్యూటర్‌ల చూసి, మీ ఆపరేషన్ వాయిదా పడ్డది మేడమ్ అన్నది. ఎవలు వేసిండ్రని అడిగితే, నిన్న మీ సారే ఫోన్ చేసి చెప్పిండ్రన్నది.

శశికళ గూడూరు హైస్కూల్ల లెక్కల టీచర్. నలభై ఆరేండ్లు. రెండేండ్ల కింద క్యాన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేసిండ్రు. అప్పుడు ఆమె భర్త వెంకట్రాం ఊరందరికీ పిత్తాశయంల రాళ్లని చెప్పిండు. కీమోకు జుట్టు ఊడితే తిరుపతి మొక్కన్నడు. ఆయనకు ఎరువుల దుకాణమున్నది, పార్టీల పేరున్నది. ఇంటి ఆడదాని రొమ్ము ముచ్చట పది నోళ్లల్ల పడొద్దని ఆయన పట్టుదల. శశికళకు అప్పుడు కాదనే ఓపిక లేకుండె.

జాకెట్ల మెత్త పెట్టుకొని బడికి పోయేది. బోర్డు మీద పైవరుస రాయనీకి చెయ్యెత్తితే అది పక్కకు జరిగేది. పిల్లలు చూసిండ్రా అని పీరియడంతా అదే ధ్యాస. ఆఖరికి డాక్టర్ దగ్గరికి తనే పోయింది. కడుపు మీది చర్మం, కొవ్వు రక్తనాళాలతో సహా తీసి ఛాతీకి అతికించి రొమ్ము తయారు చేస్తమని, స్పర్శ మాత్రం మునుపటి లెక్క ఉండదని డాక్టరమ్మ దాచకుండ చెప్పింది. షుగర్, బరువు తగ్గాలన్నది. మూడు నెలలు శశికళ పొద్దున్నే బడి గ్రౌండ్‌ల నడిచింది. అన్నం తగ్గించింది. ఆపరేషన్ అయినంక పనికొస్తదని, చేతుల మీద బరువెయ్యకుండ పక్కకు దొర్లి, కాళ్లు కిందికేసి లేచుడు రోజూ మంచం మీద అలవాటు చేసుకున్నది. ముందు గుండీలుండే నైటీలు కుట్టించుకున్నది. అదంతా వెంకట్రాం ఒక్క ఫోన్‌తో తీసి పారేసిండు.

ఆమె సీదా దుకాణానికి పోయింది. యూరియా కోసం రైతులు నిలబడి ఉన్నరు. ఆయన లోపలి గదిలకు తీసుకపోయి గొంతు తగ్గించిండు. ఎన్నికలు దగ్గరపడ్డయి, పదిమంది వచ్చిపోతరు, ఏమని చెప్పాలన్నడు.

"ప్రాణం దక్కింది గద. గీ వయసుల ఎవలకు చూపెట్టనీకి?"

"నాకు," అన్నది శశికళ. "నా ఒంటికి వద్దని చెప్పనీకి నువ్వెవలవు?"

అక్కడి నుంచే డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కోయించుకునేది నేను, నన్నడగకుండ ఎట్ల ఆపిండ్రని నిలదీసింది. డాక్టరమ్మ తప్పయిందని ఒప్పుకొని ఆ తారీఖే ఖాయం చేసింది. మొగుళ్లపల్లి నుంచి చెల్లెలు సౌమ్య వచ్చింది. ఇద్దరు మహబూబాబాద్‌ల రైలెక్కిండ్రు. వెంకట్రాం రాలేదు.

ఆపరేషన్ ఎనిమిది గంటలు పట్టింది. తెలివొచ్చేసరికి కడుపుకు, ఛాతీకి పైపులున్నయి. గంట గంటకు నర్సు వచ్చి కొత్త రొమ్ము వెచ్చగ ఉన్నదా అని వేలితో నొక్కి చూసేది. రక్తం ఆడకపోతే మళ్ల కొయ్యాల్సి వస్తదని భయం. రక్తం మంచిగనే ఆడింది. మూడో నాడు నడిపించిండ్రు. కడుపు కుట్లు గుంజి, నడుము వంగి, ముసలవ్వ లెక్క నడిచింది. నొప్పి మీద కోపం, ఒక్కసారన్న ఫోన్ చెయ్యని మొగుని మీద కోపం. సౌమ్య పైపుల డబ్బీలు వంచి, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో కాగితం మీద రాసేది.

తొమ్మిదో నాడు పైపులతోనే ఇల్లు చేరింది. చుట్టపక్కలోళ్లు చూడవచ్చిండ్రు. అందరు అడిగింది ఒక్కటే, హెర్నియా కుట్లు మానినయా అని. వెంకట్రాం ఊరంత చెప్పి పెట్టిండు. శశికళ కాదని చెప్పలేదు. కూసోని నాలుగు మాటలనే సత్తువ ఇంక రాలేదు.

మరునాడు బడిల వంట చేసే చంద్రి వచ్చింది. తండా మనిషి, నలభై దాటలేదు. మంచం పక్కన కూసున్నది గని ఎంతసేపైనా లేస్తలేదు. ఆఖరికి మెల్లగ అడిగింది.

"టీచరమ్మా, హెర్నియా అంటే గడ్డనే గదా? అది రొమ్ముల గూడ వస్తదా?"

ఎప్పటి నుంచి అని శశికళ అడిగింది. ఎనిమిది నెలలన్నది చంద్రి. నొప్పి లేదు, ఎవలకు చెప్పాల్నో తెల్వలేదన్నది. ఆ ఎనిమిది నెలలు ఇద్దరు ఒకే బడిల, రోజు ఒకరి మొఖం ఒకరు చూసుకుంట పనిచేసిండ్రు.

శశికళ పక్కకు దొర్లి, కాళ్లు కిందికేసి లేచింది. పైపులు చేత పట్టుకొని, వంగి వంగి వాకిట్లకు నడిచింది. వెంకట్రాం నలుగురైదుగురితోని కూసోని చాయ తాగుతున్నడు.

"నాకు హెర్నియా కాదు," అన్నది. "రెండేండ్ల కింద రాళ్లు గూడ కాదు. రొమ్ము క్యాన్సర్. కోసేసిండ్రు, మొన్న మళ్ల కట్టిండ్రు. మీ ఇండ్లల్ల ఆడోళ్లకు చెప్పుండ్రి, గడ్డ దొరికితే దవాఖానకు పొమ్మని."

ఒకాయన గ్లాసు కింద పెట్టి లేచి పోయిండు. అందరు పోయినంక, నా ఇజ్జత్ తీసినవని వెంకట్రాం అన్నడు. చంద్రి ప్రాణం కంటె నీ ఇజ్జత్ బరువా అని శశికళ అడిగింది. ఆమెకు తన మీద గూడ అంతే కోపంగ ఉన్నది. రెండేండ్లు ఆ అబద్ధం వెనక తనూ దాక్కున్నది.

తెల్లారి సౌమ్య చంద్రిని వరంగల్ దవాఖానకు తీసుకపోయింది. పరీక్షల క్యాన్సరే అని తేలింది, చంక దాక పాకింది. ముందే వస్తే ఇంత కష్టం ఉండకపోవునని, అయినా నయం చేస్తమని డాక్టర్లు చెప్పిండ్రు.

శశికళ కడుపు కుట్లు ఒక దగ్గర విచ్చి, మానడానికి నెల పట్టింది. ఏడో వారం నడుము నిటారు చేసుకొని బడికి పోయింది. ఆ శనివారమే చంద్రికి వరంగల్‌ల రెండో కీమో ఉండె. కారు తియ్యమని శశికళ వెంకట్రాంకు చెప్పింది, అడగలేదు. ఆయన తీసిండు. తను వెనక సీట్ల చంద్రి పక్కన కూసున్నది. కీమో నాడు ఏం తినాలె, వాంతులైతే ఏ గోలీ వేసుకోవాలె, జుట్టు ఎప్పుడు ఊడుతది, అన్నీ విడమరిచి చెప్పింది. నర్సంపేట దాటినంక వెంకట్రాం అద్దంల చూసుకుంట, నీళ్లు కావాల్నా చంద్రీ అని అడిగిండు. కావాలన్నది చంద్రి. ఆయన కారాపి సీసా తెచ్చి ఇచ్చిండు. శశికళ మాత్రం దారంత ఆయనతోని మాట్లాడలేదు.