చర్చి వసారాలో బెంచీ

మా ఆయన రత్నస్వామికి నోరు తక్కువ, చెవి ఎక్కువ. పెళ్ళయిన కొత్తలో అది నాకు పెద్ద లోపంగా కనిపించేది. తిరువళ్ళూరు రైసుమిల్లులో ఫిట్టరు పని. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వసారాలో బెంచీ మీద కూర్చునేవాడు. మనసు బాగాలేనివాళ్ళు ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చు. క్రైస్తవులా కాదా అని అడిగేవాడు కాదు. వాళ్ళు చెప్పడం పూర్తయ్యేదాకా బైబిలు మూసే ఉండేది. ఆ తర్వాత, "ప్రార్థన చేసేదా?" అనేవాడు. వద్దంటే మంచినీళ్ళిచ్చి పంపేవాడు. ఇంట్లో అన్నం చల్లారిపోతుంటే నాకు ఒళ్ళు మండేది.

డెబ్భై ఎనిమిదిలో అలిమేలమ్మ తిరుత్తణి నుంచి రైలెక్కి వచ్చింది. అక్కడ వాళ్ళకు జవుళి కొట్టుంది. ఆరేళ్ళ కొడుకు జ్వరంతో పోయి మూడు నెలలు. అంతకుముందు వాడికి జబ్బు చేసినప్పుడు అక్కడి కొండమీది సామికి మొక్కుకున్న కావడి, కొట్టు పనుల్లో పడి రెండేళ్ళు వాయిదా వేశారట. అందుకే పిల్లవాడు పోయాడని అత్తగారు అనేసింది. అప్పటినుంచి ఈమెకు అన్నం గొంతు దిగలేదు.

నాలుగు ఆదివారాలు అదే కథ చెప్పి ఏడ్చింది. మా ఆయన నాలుగుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాడు. నాలుగోసారి ఆమె కళ్ళు తుడుచుకుని, "అయ్యా, మీ మతంలో చేరిపోతా. అప్పుడు ఆ సామి నన్నేమీ చెయ్యడు కదా?" అంది.

గుమ్మంలో నిలబడ్డ సంఘపెద్ద సుందరరాజ్ గారి ముఖం వెలిగింది. ఆ ఏడు మా చర్చిలో ఒక్క బాప్తిస్మం కూడా జరగలేదు. ఎందుకు దాచాలి, నాకూ సంతోషమే అయింది.

"భయపడి రావద్దమ్మా," అన్నాడు మా ఆయన. "యేసయ్య మీద ప్రేమ పుడితే ఆ పొద్దు రండి, నేనే ఎదురొస్తాను. మీ బిడ్డను ఎవురూ పగబట్టి తీసకపోలేదు. జ్వరం తీసకపోయింది. బిడ్డను ఎత్తుకోని ఆస్పత్రికి పరిగెత్తిన తల్లి మీరు. మీ తప్పు లేదు."

ఆమె బావురుమంది. ఆ రోజు మా ఇంట్లో కూర్చుని చారన్నం రెండోసారి అడిగి వేయించుకుంది.

సుందరరాజ్ గారు మాత్రం ఊరుకోలేదు. "చేతికొచ్చిన ఆత్మను పోగొట్టినావు. వచ్చే వారం కమిటీ పెట్టి ఆ బెంచీ తీయించేస్తా!" అన్నారు. నేను రాత్రంతా మా ఆయన మీద సణిగాను. ఆ బెంచీ పోతే ఆయన ఏమైపోతాడో నాకు తెలుసు.

మరుసటి ఆదివారం కమిటీ పెద్దలు వసారాలో నిలబడి ఉండగా అలిమేలమ్మ వచ్చింది. వెంట ఒక బక్కమనిషి.

"చేరేదానికి వచ్చినావామ్మా?" అని సుందరరాజ్ గారు ఆశగా అడిగారు.

"నా సంగతి తర్వాతయ్యా. ఈమె మునియమ్మ, మా వీధిలో పూలమ్ముతాది. బిడ్డ పోయి పదిరోజులు, మెతుకు ముట్టలేదు."

మునియమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకుని తనూ పక్కనే కూర్చుంది. ఆ మనిషి గంటసేపు ఏడ్చి చెప్పింది. అలిమేలమ్మ మధ్యలో ఒక్క మాట అనలేదు, అచ్చం మా ఆయనలాగే. నా గుండె గర్వంతో ఉప్పొంగింది.

బెంచీ నిండిపోయి మా ఆయన గోడవారగా నిలబడ్డాడు. సుందరరాజ్ గారు కాసేపు అటే చూశారు. తర్వాత లోపలికెళ్ళి, తన కుర్చీ తెచ్చి మా ఆయనకు వేశారు.