మూడు ముక్కల ప్రయాణం

నేను టైలర్ని. ఎవరైనా రెండు మీటర్ల గుడ్డ తెచ్చిస్తే, వాళ్లకి చొక్కా కుట్టి, మిగిలిన ముక్కతో వాళ్ల పిల్లాడికి నిక్కరు కూడా లాగగలనని మా వీధిలో పేరు. ఆ పేరు నా తలకెక్కడం వల్లే ఇదంతా జరిగింది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంతవరకూ సముద్రం చూడలేదు. మూడేళ్లుగా అది అడుగుతూనే ఉంది, నేను సరే అంటూనే ఉన్నాను. సముద్రం ఒడ్డుకి మా ఊరి నుంచి నేరుగా ఒక రైలుంది. దాని టికెట్ ధర విన్నప్పుడల్లా నాకు నోరు ఎండిపోతుంది. ఈసారి అమ్మాయి, "ఈ సెలవుల్లో కూడా చూపించకపోతే ఇంకెప్పుడూ అడగను" అంది. అలిగినా బాగుండేది. ఇంకెప్పుడూ అడగనంటే భయమేసింది.

వారం రోజులు కటింగ్ బల్ల మీద టైంటేబుల్ పరుచుకుని, సుద్దతో గీతలు గీసి, ప్రయాణాన్ని మూడు ముక్కలుగా కత్తిరించాను. మూడు ప్యాసింజర్ రైళ్లు, మూడు చౌక టికెట్లు. నేరుగా వెళ్లే రైలుతో పోలిస్తే సగం ధర. ఏ టికెట్టు ఆ రైలుకే చెల్లుతుంది, అంతే. నా తెలివికి నేనే మురిసిపోయి షాపుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాను. ఒకాయన కొలతల కోసం చేతులు చాపి నిలబడి పావుగంట విన్నాడు, పాపం.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. మొదటి రైలు మూడు నిమిషాలు ఆలస్యంగా జంక్షన్ చేరింది. రైలు మారడానికి నేను పెట్టుకున్న టైము నాలుగు నిమిషాలు. సంచులు మోసుకుంటూ మెట్ల వంతెన మీద మేం పరిగెడుతుంటే, రెండో రైలు మా కాళ్ల కింద నుంచే దర్జాగా వెళ్లిపోయింది.

"ఏవండీ, గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకని అంగుళం వదులుతారు కదా?" అంది మా ఆవిడ, ఆయాసపడుతూ.

"వదులుతాను."

"మరి దీనికెందుకు వదల్లేదు?"

కత్తెర పట్టి ఇరవై ఏళ్లయింది. గుడ్డ దగ్గర ఒక్కసారి కూడా ఈ తప్పు చెయ్యలేదు. సంచులెత్తుకుని కౌంటర్ వైపు నడిచాను.

మళ్లీ ప్యాసింజర్ సాయంత్రమేనట. నేరుగా వెళ్లే ఆ ఖరీదు రైలు మాత్రం అరగంటలో ఇదే జంక్షన్‌కి వస్తుందట. కౌంటర్లో గుమస్తా ముగ్గురికీ ఎంతవుతుందో చెప్పాడు. నా చేతిలో ఉన్న టికెట్ ముక్కలు చూసి, "వీటి డబ్బులు కూడా కలిపితే, మీ ఊళ్లోనే దాన్ని ఎక్కుంటే మీకు ఇంతకన్నా తక్కువయ్యేదండీ" అన్నాడు, ఎంతో మర్యాదగా. నేను పర్సు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను.

అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, ఇంటికెళ్లిపోదాం. నాకు అంత చూడాలని ఏం లేదు. ఈ స్టేషన్ కూడా బానే ఉంది."

ఆ స్టేషన్లో బాగున్నదంటూ ఏమీ లేదు. ఒకటే బెంచీ, అదీ విరిగింది. నా మొహం చూసి పిల్ల చెప్పిన అబద్ధం అది. సిగ్గుతో చచ్చిపోయాను. లెక్క చూసుకోకుండా నోట్లు కౌంటర్లోకి తోసేశాను.

మధ్యాహ్నానికల్లా సముద్రం ముందున్నాం. అది ఎలా ఉందని అడిగితే నేను చెప్పలేను, నా కళ్లన్నీ అమ్మాయి మీదే ఉన్నాయి. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, తడి ఇసుక దాకా ఒకటే పరుగు తీసింది. అక్కడ ఠక్కున ఆగిపోయింది. వెనక్కి నా దగ్గరికొచ్చి, పక్కవాళ్లకి వినపడకుండా అడిగింది.

"నాన్నా, నీళ్లలో దిగడానికి టికెట్టుందా?"

"లేదమ్మా. దిగు."

నా మాట చాల్లేదు. వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ తలూపాక గానీ నీళ్లలో కాలు పెట్టలేదు.