ప్యానెల్ కింద చెప్పులు

మా డెయిరీలో మనిషి బాయిలరు లోపలికి దిగితే అతని చెప్పులు స్విచ్ ప్యానెల్ కింద ఉంటాయి. అవి అక్కడ ఉన్నంతసేపూ బర్నరు బటన్ ఎవడూ ముట్టుకోడు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేను చేరేసరికే ఉంది. గోడ మీద బోర్డులో రాసిన జాగ్రత్తలు ఎవడూ చదివిన పాపాన పోలేదు గానీ, చెప్పుల మాట మాత్రం అందరూ వినేవారు. నేనూ దాన్నే నమ్ముకున్నాను.

నా పేరు పరదేశి. చోడవరం నుంచి రావికమతం వెళ్లే దారిలో ఓ ప్రైవేటు పాల డెయిరీలో బాయిలరు ఆపరేటర్ని. పాలు కాచడానికి, క్యాన్లు కడగడానికి ఆవిరి ఇచ్చేది మా ముసలి ఆయిల్ బాయిలరే. అది తాగే ఆయిలు చూసి మా మేనేజరుకు కంటి మీద కునుకు లేదు. ఇక లాభం లేదని, కొలిపించి చూస్తానన్నాడు. కాల్చిన ఆయిలు వేడిలో నూటికి ఎనభై వంతులైనా ఆవిరికి అందకపోతే బాయిలర్ని తుక్కుకి అమ్మేస్తాడట. ఊకతో మండేది కొత్తది తెస్తాడట, దాన్ని నడపడానికి కంపెనీ వాళ్ల మనుషులే వస్తారట. అంటే దీంతోపాటు నన్నూ తుక్కులో పారేస్తాడన్నమాట. నా కింద పనిచేసే శివాజీ కుర్రాడు, వాడికి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. యాభై దాటిన నన్ను పిలిచి పని ఇచ్చేదెవరు?

కొలవడానికి విశాఖపట్నం నుంచి ప్రవల్లిక అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. పొగగొట్టానికి ఉన్న బెజ్జంలో సన్నటి ఊచ దూర్చి, పొగ ఎంత వేడిగా పోతోందో, అందులో ఎంత గాలి మిగిలిందో మిషన్లో చూసి, డెబ్బై ఎనిమిది అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మిసను సరిగ్గా సూసేవా అమ్మా?" అన్నాను.

"రెండుసార్లు చూశాను బాబాయ్. లోపల మసి మందంగా పట్టేసింది. వేడి నీళ్లకి ఎక్కకుండా పొగలో పోతోంది. గీకించండి, రేపు మళ్లీ కొలుస్తాను."

అంతటితో ఊరుకోలేదు. బర్నరులో మంటని కనిపెట్టే గాజు కన్ను ఊడదీసి, తన జేబురుమాలుతో తళతళలాడేలా తుడిచింది.

"మండతంది కదా, ఇంకేటి?" అని సణిగాను.

ఆ కన్ను పని నాకు తెలియనిది కాదు. బటన్ నొక్కగానే మంట రాదు. ముందు బ్లోయరు తిరిగి, లోపల మిగిలిన వాయువుల్ని బయటకు తోస్తుంది. ఆ తరువాతే ఆయిలు చిమ్మి అంటుకుంటుంది. ఆయిలు రాకముందే కన్నుకి వెలుతురు కనబడిందో, లోపల మంట ఉందనుకుని మొత్తం ఆపేసి గంట కొడుతుంది.

మర్నాటికి బాయిలరు చల్లారింది. చెప్పులు ముందువైపు ప్యానెల్ కింద విడిచి, వెనకవైపు మూత తీయించి, పొట్ట మీద పాకుతూ మంట మండే గొట్టంలోకి దూరాను. అందులో తల ఎత్తితే మాడు తగులుతుంది. పొద్దుటి విశాఖ బస్సు మెట్ల మీదైనా ఇంతకంటే చోటుంటుంది. ముక్కుకీ చెవులకీ కలిపి తువ్వాలు చుట్టుకుని, నుదుటికి టార్చి కట్టుకుని, ఇనప బ్రష్షుతో గీకుతున్నాను. ఈ మసి నా కూడు తీసేస్తుందేమోనన్న కసితో గీకుతున్నాను. శివాజీ టీకి వెళ్లాడు.

బయట జరిగింది నాకు తరువాత తెలిసింది. శుభ్రం చేశాక బర్నరుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాకే వెలిగించడం మా దగ్గర అలవాటు. ఆ రోజు ఆ పని ప్యాకింగ్ వైపు ఊడ్చే అచ్చియ్యమ్మకు చెప్పారు. ఆమె ముందువైపంతా కడిగి ముగ్గేసింది. తీరా చూస్తే దేవుడి ముందు చెప్పులు. వాటిని తీసుకెళ్లి షెడ్డు బయట గోడవారగా, జతగా పెట్టింది. చెప్పుల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

శివాజీ వచ్చేసరికి మేనేజరు పాలు విరిగిపోతున్నాయని అరుస్తున్నాడు. ప్యానెల్ కింద చెప్పులు లేవు. నేను బయటకొచ్చి ఇంటికి పోయాననుకున్నాడు. లోపలికి తొంగి కూడా చూడకుండా వెనక మూత బిగించేశాడు.

గీకుతూ గీకుతూ వెనక్కి చూశాను. కాళ్ల వైపు వెలుతురు లేదు. మసి ధూళి కమ్మిందేమో అనుకున్నాను. అప్పుడు కొబ్బరికాయ కొట్టిన చప్పుడు వినబడింది.

కాయ కొట్టారంటే తరువాత బటనే. తువ్వాలు లాగేసి, వెనక్కి పాకి మూతను కాళ్లతో తన్నాను. బ్రష్షుతో బాదాను. "ఒరే శివాజీ, ఒరే" అని అరిచాను. అంతలో బ్లోయరు తిరిగింది. ఆ హోరులో నా అరుపు నాకే వినబడలేదు.

మూత దగ్గరే ముడుచుకుని ఉండిపోవాలనిపించింది. మంటకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిదని ఒళ్లు చెబుతోంది. కానీ ఆ గొట్టంలో మంట రాని చోటు లేదు. నాకు ఆ కన్నొక్కటే గుర్తొచ్చింది. మంట పుట్టే చోటికే పాకాను. ఎదురుగాలికి మసి కళ్లలో పడుతోంది, మోచేతులు చీరుకుపోతున్నాయి. నా ఇంటిదాన్ని తలుచుకుని ఏడుస్తూ పాకాను. టార్చి ఊడబెరికి, వెలుతురు కన్ను మీద పడేలా బర్నరు మూతికి ఆనించి పట్టుకున్నాను.

గంట మోగింది. బ్లోయరు ఆగింది.

"ఏటిది, ఆగిపోనాది?" అంటున్నాడు శివాజీ.

"రీసెట్ నొక్కరా, టైము లేదు" అన్నాడు మేనేజరు.

అరుద్దామంటే నోటి నిండా మసి, ఉమ్మేలోపే రీసెట్ నొక్కేశాడు. మళ్లీ హోరు. మళ్లీ టార్చి పట్టుకున్నాను. మళ్లీ గంట.

"నొక్కొద్దు. చెయ్యి తియ్యండి" అంది మళ్లీ కొలవడానికి వచ్చిన ప్రవల్లిక. "ఆ కన్ను నిన్ననే తుడిచాను. దానికి వెలుతురు కనబడుతోంది. లోపల ఎవరున్నారు?"

"ఎవులూ లేరు మేడమ్. సెప్పులు లేవు కదా."

"సెప్పులా?" అంది అచ్చియ్యమ్మ. "దేవుడి ముందరని నానే తీసేను బాబూ. బయట ఎట్టేను."

అడుగులు వెనకవైపు పరుగెత్తిన చప్పుడు. నేను బ్రష్షుతో గొట్టాన్ని కొట్టడం మొదలుపెట్టాను. బోల్టులు విప్పుతున్న చప్పుడు వినబడేదాకా కొట్టాను.

వెనక్కి పాకి వచ్చిన నన్ను కాళ్లు పట్టి బయటకు లాగారు. శివాజీ చెంప పగలగొట్టాలనుకున్నాను, చెయ్యి లేవలేదు. వాడు నేల మీద కూలబడి "అన్నా, అన్నా" అంటున్నాడు. అచ్చియ్యమ్మ నా చెప్పులు గుండెకు పట్టుకుని ఏడుస్తోంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

మేనేజరు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. నేను తాగేదాకా ఆగి, "ఇంకెంత మిగిలింది పరదేశీ?" అన్నాడు.

నేను వాడి మొహం వంక చూశాను. మిగిలింది ముందు భాగం. అది గీకకపోతే ఎనభై రాదు. ఆ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

"నానెల్తాను అన్నా" అన్నాడు శివాజీ. లేచి బ్రష్షు అందుకోబోయాడు, నేను ఇవ్వలేదు.

ప్రవల్లిక ప్యానెల్లోంచి బర్నరు ఫ్యూజు పీకి నా చేతిలో పెట్టింది. దాన్ని బనీను లోపల దోపుకుని మళ్లీ దిగాను. వెనక వెలుతురు ఉందో లేదో మెడ తిప్పి చూసుకుంటూ మొత్తం గీకాను.

బాయిలరు వెలిగించారు. ఆవిరి నిలకడ పడ్డాక ఆ అమ్మాయి కొలిచింది. ఎనభై రెండు.

"ఇంక పదేళ్లు దీనికి ఢోకా లేదు" అన్నాడు మేనేజరు నా భుజం తడుతూ. "రెండేసి నెలలకోసారి ఇలాగే గీకించేద్దాం. నువ్వుండగా నాకేటి బెంగ?"

అందరూ నా వైపు చూశారు. నవ్వుతానని కాబోలు. నాకు కావలసింది అదే కదా, ఉద్యోగం నిలబడింది. ఇంటికి పోదామని చెప్పుల కోసం వెతికాను. అచ్చియ్యమ్మ వాటిని కడిగి, తుడిచి, తీసిన చోటే పెట్టింది.

లోపల మంట మండుతోంది. ప్యానెల్ కింద నా చెప్పులున్నాయి. చాలాసేపటిదాకా వాటిలో కాళ్లు పెట్టలేకపోయాను.