రాయమల్లు అంగీలో భావ్య

మంథని అమ్మాయి భావ్య వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. పల్లెలో ఉండి రైతులకు నేర్పితేనే మార్కులు వేస్తారు కాబట్టి, సెంటినరీ కాలనీ పక్కనున్న ఒక ఊరికి వచ్చి పోశవ్వ ఇంట్లో దిగింది. పోశవ్వ భర్త రాయమల్లు బొగ్గుగని కార్మికుడు. ఆ ఇంట్లో ఒక బర్రె ఉంది.

బర్రెల పొదుగువాపును ముందే ఎలా పసిగట్టాలో చూపించడం ఆ రోజు భావ్య పని. మొదటి ధారలను నల్లగుడ్డ మీద పిండితే చాలు, జబ్బుంటే తెల్లటి పలుకులు కనిపిస్తాయి. ఆడవాళ్లంతా కొట్టం ముందు చేరారు. భావ్యను పరీక్షించే అనంతరామ్ సార్ కాలనీ దాటానని ఫోన్ చేశాడు. పాలు పితకాల్సిన రాయమల్లు మాత్రం ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.

భావ్య తనే చెయ్యి వేయబోయింది. బర్రె కాలు విసిరితే చెంబు వెళ్లి గోడకు తగిలింది.

ఆ బర్రె రాయమల్లుకు తప్ప ఎవరికీ లొంగదని పోశవ్వ చెప్పింది. అతను ఎప్పుడూ డ్యూటీ బట్టల్లోనే, గని టోపీతోనే పాలు పితుకుతాడు. పితుకుతున్నంతసేపూ గనిలో తన పైఅధికారి ఓవర్‌మన్‌ను తిట్టుకుంటాడు. బర్రెకు ఆ వాసన కావాలి, ఆ తిట్లు కావాలి.

పోశవ్వ దండెం మీది ఉతకని అంగీ, పాత టోపీ తెచ్చింది. "తొడుక్కో బిడ్డా. దానికి మొకం తెల్వది, అంగీ తెలుసు."

భావ్య జడను టోపీలోకి దోపి, ముక్కు బిగబట్టి అంగీ తొడుక్కుంది. బర్రె ఒకసారి వాసన చూసి నిలబడింది. భావ్య గొంతు బొంగురు చేసి, తానెన్నడూ చూడని ఓవర్‌మన్‌ను నోటికొచ్చినట్టు తిట్టడం మొదలుపెట్టింది. పాలు చేపుకొచ్చాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

అప్పుడే అనంతరామ్ సార్ వచ్చాడు. ఆయనకు వెనక నుంచి అంగీ, టోపీ మాత్రమే కనిపించాయి. రాయమల్లు గారూ అని పిలిచి, మా విద్యార్థిని మీకేమైనా నేర్పిందా అని అడిగాడు.

సొంత గొంతు వినిపిస్తే బర్రె తన్నుతుంది. భావ్య తల దాని డొక్కకు ఆనించి, "శాన నేర్పింది సారూ. గసొంటి పిల్లను మేం చూడలే" అంది.

సార్ సంతోషించి, ఆమె ఎక్కడుందని అడిగాడు.

"డ్యూటీకి పోయింది సారూ."

"ఏం డ్యూటీ?"

"ఫస్టు షిఫ్టు" అంది భావ్య.

సారవ్వ అనే ముసలామె ఇక ఆపుకోలేక నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. సార్ అయోమయంగా చూస్తుండగా, బస్సు దిగిన అసలు రాయమల్లు టోపీతో గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. తన అంగీలో ఎవరో తన బర్రె పాలు పితుకుతుంటే చూసి, "ఎవడ్రా గది?" అన్నాడు.

ఆ గొంతు వినగానే బర్రె గిర్రున తిరిగింది. చెంబు పడింది, పాలు పోయాయి. భావ్య పేడలో కూలబడింది. టోపీ దొర్లిపోయి జడ బయటపడింది.

సార్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత, నల్లగుడ్డ పని పూర్తి చేయమని నెమ్మదిగా చెప్పాడు. రాయమల్లు మెడ నిమురుతుంటే బర్రె కదలలేదు. భావ్య పేడ చేతులు కడుక్కుని, ఇంకా పితకని చన్ను నుంచి నల్లగుడ్డ మీద మొదటి ధార పిండి, ఈసారి తన గొంతుతోనే అంతా వివరించింది. గుడ్డ మీద పలుకులేవీ లేవు. నవ్వి నవ్వి అలసిపోయారేమో, ఆడవాళ్లు శ్రద్ధగా విన్నారు. సారవ్వ తన బర్రెకు కూడా చూడమంది.

ఈ అమ్మాయి బాగా చెబుతుందా అని సార్ అసలు రాయమల్లును అడిగాడు. అతను నిజాయితీగానే జవాబిచ్చాడు. "నేనెన్నడు ఇనలే సారూ, డ్యూటీలనే ఉంట. గానీ మా బర్రె ఇంతసేపు నిలవడి ఇన్నదంటే మంచిగనే చెప్పుంటది."

సార్ తల ఊపి, మార్కులు వేస్తానన్నాడు. మొదటి రాయమల్లు చెప్పిన పొగడ్తలు మాత్రం లెక్కలోకి రావన్నాడు.

పోశవ్వ అందరికీ చాయ్ పోసింది. పాలన్నీ ఒలికిపోయాయి కాబట్టి అది నల్లచాయే. ఎవరూ ఏమీ అనుకోకుండా తాగారు.