అరవని బండి

పొద్దున్నుంచీ ఆ బండి అరుస్తూనే ఉంది. బండి అంటే సిజర్ లిఫ్ట్. కత్తెరలా అల్లుకున్న ఇనప కమ్మీలు విచ్చుకుంటూ మనిషిని పైకప్పు దాకా ఎత్తుతాయి. ఇది మాత్రం నడుమెత్తు దాటగానే కుయ్యిమని, ఒరిగిపోతున్నానని తెర మీద చూపించి, మొండికేసి ఆగిపోతోంది. మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. పోయిన వారం వచ్చినా ఇదే రోగం, మొన్న వచ్చినా ఇదే రోగం. వాలు కనిపెట్టే సెన్సర్ మార్చాడు. వైరు పొడవునా వేళ్ళతో తడిమి చూశాడు. వర్క్‌షాపుకి తీసుకెళ్తే బుద్ధిగా ఎక్కి దిగేది, ఇక్కడికి తేగానే మళ్ళీ మొదలు.

అది అద్దెకు తీసుకున్నది పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. తీసుకున్నది సొంత బావమరిది. ఇన్నాళ్ళూ ఒకరి కింద దీపాలు బిగించినవాడు, ఈ కొత్త గోడౌను పని మొదటిసారి తన పేరు మీద ఒప్పుకున్నాడు. "వాడి పరువు నీ చేతుల్లో ఉంది," అని భార్య పొద్దున గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. అక్కడితో ఆగితే ఆవిడ ఆవిడెందుకవుతుంది? దారిలో ఫోన్ చేసి మళ్ళీ చెప్పింది.

సూపర్‌వైజర్ అప్పటికే తేల్చేశాడు. ఇవాళ సాయంత్రానికి హాల్లో దీపాలు వెలగకపోతే రేపు వేరేవాళ్ళొస్తారు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, విసిగిపోయి ఉన్నాడు.

"రెండు వైర్లు కలిపేయ్ బావా, పీడా పోతుంది," అన్నాడు బావమరిది.

"కలిపితే అరుపు పోతుంది. ఒరిగితే నువ్వూ పోతావు."

"ఒరగడానికి ఇక్కడేమన్నా కొండా? చాప పరిచినట్టుంది నేల."

"అరగంట ఆగరా."

"నీ అరగంటలు నాకు తెలియనివా బావా! అక్క వంటకి నువ్వు చెప్పే వంకలన్నా నమ్మొచ్చు." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "నువ్వు దీంతో తిప్పలు పడు. నేను రెండో బండేసుకుని గేటు మీద దీపాలు కానిస్తా. అది బంగారం. వచ్చినప్పట్నుంచీ ఒక్కసారి కుయ్యిమంటే ఒట్టు."

రెండో బండీ వాళ్ళ వర్క్‌షాపుదే. పోయిన వారమే మెకానిక్ చేతుల మీదుగా బయటికొచ్చింది. అదొక్కటన్నా పరువు దక్కించిందనుకుని అతను మళ్ళీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఒళ్ళు హూనమైపోయింది. ఇద్దరు చేసే పని వర్క్‌షాపులో కొన్ని నెలలుగా ఒక్కడే చేస్తున్నాడు. రెండోవాడు మానేశాక యజమాని కొత్తవాణ్ణి పెడతాననడమే కానీ పెట్టింది లేదు. కాసేపు నేల మీద అలాగే కూర్చుని, సంచిలోంచి చిన్న వైరు ముక్క తీశాడు. రెండు కొసలూ ఒలిచి ఉన్నాయి. ఇలాంటి ముక్క ప్రతి మెకానిక్ సంచిలోనూ ఉంటుంది, ఎవరూ ఉందని ఒప్పుకోరు. ఈ ఒక్క సాయంత్రానికి, వాడు దిగేదాకా తను కిందే నిలబడి ఉంటే ఏమవుతుంది? అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే సెన్సర్ మీది మూత విప్పబోయాడు.

లోపల చీకటిగా ఉంది. వెలుగు పడుతుందని బండిని అక్కడికక్కడే వెనక్కి తిప్పి, మూతున్న వైపు తలుపుకి ఎదురుగా పెట్టాడు. అలవాటు కొద్దీ ఒకసారి ఎత్తి చూశాడు. నడుమెత్తు దాటింది, తలెత్తు దాటింది, కిక్కురుమనలేదు.

దించి, మళ్ళీ మొదట ఉన్నట్టు తిప్పి ఎత్తాడు. కుయ్యిమంది.

అదే బండి, అదే చోటు. తాపీ మేస్త్రీలు కొత్త రసమట్టం కొంటే గోడ మీద ఒకసారి పెట్టి, అక్కడే తిప్పి మళ్ళీ పెడతారు. రెండుసార్లూ బుడగ ఒకే మాట చెప్పకపోతే తప్పు గోడది కాదు, మట్టానిది. మెకానిక్ తన రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. నీళ్ళు పోవడానికి వదిలిన రవ్వంత వాలు ఉంది. ఆ మాత్రానికి అరవాల్సిన పనిలేదు. అంటే ఇది సమం, ఇక్కణ్ణుంచి లెక్క చూసుకో అని సెన్సర్‌కి నేర్పే ఆ సున్నాయే వంకరగా పెట్టారన్నమాట.

పెట్టింది ఎవరో అతనికి తెలియకపోతేగా!

వర్క్‌షాపులో సమంగా ఉన్న చోటు ఒక్కటే, దాన్నిండా పాత బ్యాటరీలు పేర్చారు. బండిని కడిగే చోట కడిగి, అక్కడే సెన్సర్ బిగించి, అక్కడే బటన్ నొక్కి సున్నా పెట్టేయడం అతనికి అలవాటైపోయింది. ఇంకోచోటికి తోసే ఓపిక లేక. కడిగే చోట నేల కాలువ వైపు వాలుతుందని తెలియక కాదు. రోజూ ఆ వాలు మీదే నడుస్తూ దాన్ని చూడటం మానేశాడు. అక్కడి వాలునే సమమని నేర్చుకున్న బండి అక్కడ బుద్ధిగా ఉండక ఏం చేస్తుంది?

జబ్బు దొరికిందని ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చిన ఊపిరి వదలకముందే రెండో బండి గుర్తొచ్చింది. దానికీ అక్కడే సున్నా పెట్టాడు. గేటు ముందు లారీలు ఎక్కే ఏటవాలు ఉంది. ఆ వాలు మీద ఏ బండైనా అరిచి తీరాలి.

అది అరవడం లేదు.

మోకాళ్ళ నొప్పి మరిచి పరుగెత్తాడు. బావమరిది గేటు కంటే పైన, నిలబడే పలక చుట్టూ ఉన్న కఠెరా మీదికి వంగి, ఒరిగిన వైపే చెయ్యి చాపి దీపం బిగిస్తున్నాడు.

"కదలకు! వెనక్కి జరిగి మధ్యలో నిలబడు!"

"రెండు బోల్టులే బావా..."

"నోరు మూసుకుని నిలబడరా!"

కింది ప్యానెల్ తాళం తిప్పి దించే మీట పట్టుకున్నాడు. కమ్మీలు పూర్తిగా ముడుచుకునేదాకా దాన్ని వదల్లేదు. అరుపులకి సూపర్‌వైజర్ కూడా బయటికొచ్చాడు.

"ఆయన ముందు నా పరువు తీశావు," అన్నాడు బావమరిది దిగుతూనే, ముఖం ఎర్రగా చేసుకుని. "అరవని బండిని కూడా ఆపుతావా?"

మెకానిక్ రసమట్టం బండి అడుగుభాగం మీద పెట్టాడు. బుడగ ఒక చివరకి పోయి ఇరుక్కుంది. బావమరిది దాన్ని చూసి, తలెత్తి తను నిలబడ్డ ఎత్తు చూశాడు. చేతిలో స్పానర్ ఉన్న సంగతి మరిచిపోయాడు.

"సున్నా తప్పు పెట్టాను," అన్నాడు మెకానిక్. "కడిగే చోట పెట్టాను. ఓపిక లేక. లోపలిది ఊరికే అరిచింది, ఇది అరవాల్సినప్పుడు అరవలేదు. రెండూ నా చేతివే."

అక్కడే నిలబడి యజమానికి ఫోన్ చేసి, తన చేతి మీదుగా వెళ్ళిన బండ్లన్నీ కిందికి దించమన్నాడు. అవతలి నుంచి తిట్లు గట్టిగానే వినిపించాయి. "తర్వాత తిట్టండి సార్, ముందు దించమనండి," అన్నాడు. సూపర్‌వైజర్ గేటు పని ఆపమని, హాలు పనికి రేపు మధ్యాహ్నం దాకా ఆగుతానని చెప్పి వెళ్ళిపోయాడు.

హాల్లో మొదటి బండి చక్రాల కింద రేకు ముక్కలు పెట్టి, బుడగ నడిమధ్య నిలిచాక మెకానిక్ మళ్ళీ సున్నా పెట్టాడు. రేకులు తీసి అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఒక చక్రం కింద చెక్క దిమ్మ పెడితే అరిచింది, తీస్తే ఊరుకుంది.

"అయిపోయింది, ఎక్కు," అన్నాడు.

బావమరిది ఎక్కలేదు.

"ముందు నువ్వెక్కు బావా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళలో ఎన్ని బండ్లు బాగుచేసినా పైకప్పు దాకా తను ఎక్కింది లేదు, బాగుచేసేవాడికి ఎక్కే పని పడదు. మెట్టు మీద కాలు పెట్టి, చిన్న గేటు మూసుకుని మీట నొక్కాడు. నేల దిగిపోతుంటే కఠెరా గట్టిగా పట్టుకున్నాడు. బండి అరవలేదు. ఇన్నాళ్ళూ అరవకపోతే చాలనుకున్నవాడికి ఇప్పుడు ఆ నిశ్శబ్దం మీద నమ్మకం కుదరలేదు.

పైకప్పు చేతికందే ఎత్తులో ఆగి కిందికి చూశాడు. బావమరిది కింది ప్యానెల్ దగ్గర నిలబడి ఉన్నాడు, చెయ్యి దించే మీట మీద పెట్టుకుని.