అప్పన్న రక్తంలో పచ్చగీత

సుగంధి పన్నెండేళ్లుగా మలేషియాలోని క్లాంగ్ పట్టణంలో ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తోంది. రోగుల ముఖాలు ఆమెకు కనబడవు. గొట్టం మీద పేరు, కాగితం మీద డాక్టరు రాత, అంతే. ఆ మంగళవారం వచ్చిన కాగితం మాత్రం ఆమెను పట్టి నిలబెట్టింది. అప్పన్న, వయసు డెబ్భై ఒకటి, ఊరు బంటింగ్. ఎనిమిది నెలలుగా ఒళ్లంతా నీటిపొక్కులు, తెగ దురద. జబ్బుతో పోరాడాల్సిన యాంటీబాడీలే దారితప్పి సొంత చర్మం మీద పడుతున్నాయేమోనని డాక్టరు అనుమానం.

మిషన్ మీద పరీక్ష చేసింది. అంకె చాలా తక్కువ. మళ్లీ చేసింది. అదే అంకె.

"నెగటివ్ అని రాసి పంపేయ్," అన్నాడు పై అధికారి వినోద్‌కుమార్, తమిళంలో.

"మనం అడిగినదానికే మిషన్ జవాబిస్తుంది సార్. రెండు రకాల యాంటీబాడీలే అడిగాం. ఇంకో రకం ఉంటే?"

ఆయన పెదవి విరిచాడుగాని, వద్దనలేదు. సుగంధి డాక్టరుకు ఫోన్ చేసి, మిగిలిన రక్తంతో ఇంకో పరీక్షకు అనుమతి తీసుకుంది. అది చేత్తో చేసే పని. జబ్బులేని మనిషి చర్మపు సన్నటి ముక్కను ఉప్పునీళ్లలో నానబెడితే, పొక్కు లేచేచోటే అది రెండు పొరలుగా విడిపోతుంది. దానిమీద రోగి రక్తపు తేట వేసి, కడిగి, మెరిసే రంగు పూసి, చీకటిగదిలో మైక్రోస్కోపు కింద చూడాలి. యాంటీబాడీలు అంటుకున్నచోట పచ్చగా మెరుస్తుంది. ఒక్కసారి సరిగ్గా కడగకపోయినా అంతా మెరిసి మోసం చేస్తుంది.

కంటికి పచ్చటి గీత కనబడింది. పైపొరకు కాదు, అడుగుపొరకు అంటుకుని, సన్నగా, తెగకుండా. ఆరోగ్యవంతుడి రక్తం వేసిన పక్క ముక్క నల్లగానే ఉంది. సుగంధి తొందరపడకుండా మర్నాడు మొదటినుంచీ మళ్లీ చేసింది. మళ్లీ అదే గీత.

వినోద్‌కుమార్ చాలాసేపు చూసి తలెత్తాడు. "అరుదైన రకం. రిపోర్టు నువ్వే రాయి. సంతకం కూడా నీదే ముందు."

డాక్టరు మందు మార్చారు. రెండు నెలల తర్వాత ల్యాబు కిటికీ దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. చేతుల మీద పాత మచ్చలే తప్ప పొక్కు లేదు. పక్కన ఆయన భార్య లెచ్చుమి.

"సుగంధి అంటే నువ్వేనేటమ్మా?" అన్నాడు అప్పన్న. "డాక్టరమ్మ సెప్పినాది. మా ఇంట టీ తాగడానికి ఒక్కడూ వచ్చినాడు కాదు, అంటుకుంటాదని. ఈ కాయితంలో ఏటి రాసినావో తెలుగులో సెప్పు."

సుగంధిది తెలుగు కుటుంబమే; తెలుగు అర్థమవుతుందిగాని, నోరు తిరగదు. మాట మాట కూడబలుక్కుంది. "తాతా... ఇది అంటుకునేది కాదు. మీనుంచి ఎవురికీ రాదు. మీ రక్తమే... తప్పు దారి పట్టినాది. మందుతో తగ్గుతాది."

లెచ్చుమి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అప్పన్న వెనక్కి తిరిగి, వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా తమిళంలో గట్టిగా చెప్పాడు. "ఇదిగో, నా జబ్బు కనిపెట్టింది ఈ పిల్లే. మా తెలుగు పిల్ల!"

'డాక్టరుగారు కనిపెట్టారు' అనడం సుగంధికి అలవాటు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అందరూ తనవైపు చూస్తుంటే తల దించకుండా అలాగే నిలబడింది.